పర్లాకిమిడిలో ఒక గది, ఎనిమిది పాటల రాక్ ఆల్బమ్: నా అనుభవం

ప్రయోగాత్మక రాక్ అంటే ఎలాగూ రొదే కదా, రికార్డింగ్ కాస్త అటూ ఇటూ అయినా ఎవరికి తెలుస్తుందిలే అనుకునేవాళ్ళు చాలామంది. పనిలోకి దిగాక తేలేది సరిగ్గా దానికి ఎదురు. మామూలు పాటలో కరెంటు గుర్రు సన్నగా ఉంటే గిటారు చాటున దాక్కుంటుంది. అదే గిటారుని ఫజ్ పెడల్లోకి (ధ్వనిని గరుకుగా మార్చే చిన్న పెట్టె) పంపితే, సన్నటి శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ పెడల్ ఒకే ఎత్తుకి తెస్తుంది. తీగ మోగడం ఆపిన మరుక్షణం గుర్రు లేచి కూర్చుంటుంది. అందుకే ఈ రకం సంగీతంలో మనం పిలిచిన రొద వేరు, పిలవకుండా వచ్చిన రొద వేరు. రెండోదాన్ని ముందు బయటికి పంపకపోతే మొదటిదానికి చోటు ఉండదు. గజపతి జిల్లా పర్లాకిమిడిలో, ఇంట్లోనే, ఎనిమిది పాటలు, 36 నిమిషాల ఆల్బమ్ చేసిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. బరంపురం, రాయగడ, గుణుపూర్ వైపు ఉన్న తెలుగువాళ్ళకి ఇదే ఎండ, ఇదే చెమ్మ, ఇవే పాత ఇళ్ళు కాబట్టి చాలావరకు పనికొస్తుంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. మైకునీ గిటారునీ ల్యాప్‌టాప్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి, ఫోకస్‌రైట్ స్కార్లెట్ తరహాది. షూర్ ఎస్‌ఎమ్ 57 డైనమిక్ మైకు ఒకటి, పెద్ద డయాఫ్రమ్ కండెన్సర్ మైకు ఒకటి. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు. 10 వాట్ల చిన్న గిటార్ యాంప్. ఇవన్నీ బరంపురంలోనో విశాఖలోనో దొరుకుతాయి. రీపర్‌ని 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు, ఆ తర్వాత కొనాలి. డబ్బు పెట్టలేనివాళ్ళకి ఆర్డర్ (Ardour) అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. ఈ లెక్కన ఒక మోనో ట్రాకు నిమిషానికి 8.6 ఎంబీ తింటుంది. 30 ట్రాకుల అయిదు నిమిషాల పాటకి 1.3 జీబీ. 96 కిలోహెర్ట్జ్‌కి పోతే డిస్కు రెట్టింపు నిండుతుంది, ఫజ్ గిటారులో తేడా ఏమీ వినపడదు.

ముందు కరెంటు సంగతి. పాత ఇళ్ళలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ ఎర్తు తీగ ఉండదు. ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించాల్సిందే. గుర్రు ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడానికి రెండు పరీక్షలున్నాయి. గిటారు తీగల మీద చెయ్యి వేస్తే గుర్రు తగ్గిందంటే, గిటారు లోపలి షీల్డింగు సరిగా లేదు, లేదా ఎర్తు బలహీనం. గిటారు పట్టుకుని కూర్చున్నచోటే పక్కకి తిరిగితే గుర్రు పెరుగుతూ తగ్గుతూ ఉంటే, దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మరో అడాప్టరో అయస్కాంత క్షేత్రంతో గిటారు సింగిల్ కాయిల్ పికప్‌ని (తీగ వణుకుని విద్యుత్తుగా మార్చే తీగచుట్ట) తగులుకుంటోంది. రెండో రకానికి మందు దూరమే. ల్యాప్‌టాప్ అడాప్టర్‌ని గిటారుకి కనీసం మీటరున్నర అవతల పెట్టాలి, లేదా దాన్ని ఊడదీసి బ్యాటరీ మీద నడపాలి. బ్యాటరీ మీద నడిపితే యూఎస్‌బీ దారిన వచ్చే సన్నటి కీచు కూడా పోతుంది.

50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100 హెర్ట్జ్ అయితే అది మెయిన్స్ గుర్రు. గరగరలాడుతూ జర్రుమంటే మాత్రం ఫ్యాన్ రెగ్యులేటర్‌ని అనుమానించాలి. గుండ్రంగా తిప్పే, మెట్లు లేని రెగ్యులేటర్లలో ట్రయాక్ ఉంటుంది. అది కరెంటు అలని మధ్యలో కోస్తుంది, ఆ కోత గిటారు పికప్‌లోకి దూకుతుంది. మెట్టు మెట్టుగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్ పెట్టిస్తే గోల తగ్గుతుంది. చవక ఎల్‌ఈడీ బల్బులూ ఇంతే. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే కరెంటు పోయినప్పుడు రికార్డింగ్ ఆపేయడమే మేలు, ప్యూర్ సైన్ వేవ్ అయితే నడుస్తుంది. ఒక్కమాట గట్టిగా చెప్పాలి: గుర్రు పోతుందని యాంప్ ప్లగ్గుకి ఎర్తు పిన్ను విరగ్గొట్టే అలవాటు మనవైపు బాగా ఉంది. గుర్రు పోతుంది, నిజమే. యాంప్‌లో లోపం వచ్చిన రోజు గిటారు తీగలే కరెంటు తీగలవుతాయి. ఆ పని చెయ్యొద్దు.

ఫ్యాన్ ఆపితే మే నెలలో గది పొయ్యిలా అవుతుంది. వేడికి తీగ సాగి శ్రుతి దిగుతుంది కాబట్టి ప్రతి టేకుకీ ముందు ట్యూనర్ చూసుకోవాలి. పొద్దున్న ఆరునుంచి తొమ్మిదివరకు పని పెట్టుకుంటే ఈ బాధ సగం ఉండదు, కాకపోతే పక్షులు వస్తాయి. వానాకాలంలో రేకుల కప్పు కింద సన్నటి శబ్దాలేవీ రికార్డు చెయ్యలేం. ఆ నెలల్ని ఎడిటింగుకి వదిలేయాలి.

గది కొలతలు పది అడుగులు, పన్నెండు అడుగులు, ఎత్తు పది. ఇది మన ఇళ్ళలో మామూలు కొలతే గానీ, ధ్వనికి చెడ్డ కొలత. రెండు ఎదురు గోడల మధ్య పది అడుగులుంటే వేసవి వేడిలో 57 హెర్ట్జ్ దగ్గర గది మోగుతుంది. ఎత్తూ పదే కాబట్టి అదే స్వరం రెండుసార్లు కలుస్తుంది. బేస్ గిటారులో ఖాళీ ఎ తీగ 55 హెర్ట్జ్. అంటే ఎ, దాని పక్కన బి ఫ్లాట్ వాయించినప్పుడల్లా గది ఒక చెయ్యి వేస్తుంది. బేస్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి తీసుకుంటే రికార్డింగులో ఇది పడదు. మిక్సింగులో వినేటప్పుడు మాత్రం మోసం చేస్తుంది. ఎ పెద్దగా ఉందని తగ్గిస్తాం, బయట కారులో వింటే ఆ స్వరం ఖాళీగా ఉంటుంది.

పరుపులు దీన్ని ఆపలేవు. 57 హెర్ట్జ్ అల పొడవు ఆరు మీటర్లకి పైనే, అందులో పావు వంతు మీటరున్నర. అంత మందం ఎక్కడ తెస్తాం? కాబట్టి దిగువ స్వరాల నిర్ణయాలన్నీ హెడ్‌ఫోన్లలో చెయ్యాలి. స్పీకర్ల ముందు కూర్చుంటే సరిగ్గా గది మధ్యలో కూర్చోకూడదు, అక్కడ ఆ స్వరం మాయమవుతుంది. గది పొడవులో ఎదుటి గోడనుంచి 38 శాతం దూరం మంచి మొదలు. దూది పరుపులు, బొంతలు పనికొచ్చేది పై స్వరాలకి: మైకు వెనకా పక్కలా గోడకి నాలుగంగుళాలు ఎడంగా వేలాడదీస్తే చప్పట్లు కొట్టినప్పుడు వచ్చే టకటక ప్రతిధ్వని పోతుంది. గోడకి అంటించడం కంటే ఎడంగా ఉంచితేనే లాభం. గుడ్ల అట్టలు అంటించడం దండగ, పైగా నిప్పు భయం.

ఇక లయ. ఆల్బమ్‌లో మూడు పాటలు మిశ్ర చాపులో ఉన్నాయి, ఏడు మాత్రలు. సాఫ్ట్‌వేర్‌లో 7/8 పెట్టి ఏడు మాత్రలకీ క్లిక్ వినిపిస్తే వాయించేవాడి చెయ్యి బిగుసుకుపోతుంది. తకిట తక ధిమి అని 1, 4, 6 మాత్రల మీదే క్లిక్ ఉంచి మిగతావి మూసేస్తే పాట ఊగుతుంది. డప్పు ఉన్న పాటల్లో అదీ వద్దు. డప్పు కళాకారులు లయని పెంచుతూ తగ్గిస్తూ పోతారు, ఆ కదలికే వాళ్ళ బలం. వాళ్ళ చెవిలో క్లిక్ పెడితే డప్పు డ్రమ్ మెషీన్ అవుతుంది. ముందు డప్పు రికార్డు చేసి, ఆ తర్వాత ప్రతి ఆవర్తనం మొదటి దెబ్బ మీద టెంపో మార్కర్ పెట్టుకుంటూ పోవాలి. నాలుగు నిమిషాల పాటకి ఇది విసుగు పుట్టించే పనే. కానీ తర్వాత గిటారూ డిలే ఎఫెక్టులూ అన్నీ డప్పు వెనకే నడుస్తాయి. దీనికి అడ్డదారి లేదు.

డప్పు రికార్డింగులో సగం పని మైకుది కాదు, నిప్పుది. చెమ్మకి తోలు సాగి చప్పబడిపోతుంది. ఎండుగడ్డి మంట మీద కాచి బిగిస్తారు. వానాకాలంలో పావుగంట, ఇరవై నిమిషాల్లో మళ్ళీ దిగుతుంది. మొదటి చరణంలో ఒక డప్పు, చివరి చరణంలో ఇంకో డప్పు వాయించినట్టు ఉంటుంది. ప్రతి టేకు మొదట్లో ఒంటిదెబ్బ ఒకటి రికార్డు చేయించి, దాని స్వరాన్ని ముందు టేకు ఒంటిదెబ్బతో పోల్చాలి. అర స్వరం కంటే ఎక్కువ దిగితే మళ్ళీ కాచాలి. ఇంట్లో మంట పెట్టలేం కాబట్టి పెరట్లో కాచి తెచ్చి, మధ్యలో హెయిర్ డ్రయ్యర్‌తో నెట్టుకురావచ్చు. డ్రయ్యర్‌ని ఒకేచోట ఆపకుండా తిప్పుతూ ఉండాలి. కాచే విషయం మాత్రం వాయించేవాళ్ళకే వదలాలి. తోలు ఎంతవరకు ఆగుతుందో వాళ్ళ వేళ్ళకి తెలుసు.

మైకులు రెండు. డైనమిక్ మైకు డప్పుకి అడుగు దూరంలో, తోలు నడిమికి కాకుండా అంచుకీ నడిమికీ మధ్య గురిపెట్టి. దగ్గరగా ఉన్న ఈ మైకులో కుడిచేతి సిర్ర దెబ్బా, ఎడమచేతి సిటికెన పుల్ల టకటకా రెండూ విడివిడిగా తెలుస్తాయి. కండెన్సర్ మైకు ఏడడుగుల దూరంలో, మోకాలి ఎత్తున. అన్నిటికంటే గట్టి దెబ్బ కూడా మైనస్ 10 డీబీ (డెసిబెల్స్) దాటకుండా గెయిన్ పెట్టాలి. రిహార్సల్‌లో వాయించినదానికంటే అసలు టేకులో ఎప్పుడూ గట్టిగానే కొడతారు. ఇప్పుడు లెక్క: రెండు మైకుల దూరాల తేడా ఆరడుగులు, అంటే శబ్దం రెండోదానికి 5.2 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రెండింటినీ సమంగా కలిపితే 96 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. మా డప్పు దిగువ ధ్వని సరిగ్గా ఆ చుట్టుపక్కలే. విడివిడిగా రెండూ బ్రహ్మాండంగా ఉండి, కలిపితే డప్పు డబ్బా అయిందంటే కారణం ఇదే. దూరపు ట్రాకుని 5.2 మిల్లీసెకన్లు, అంటే సుమారు 250 శాంపిళ్ళు పాట మొదలు వైపుకి జరపాలి. చిటికెలో దిగువ ధ్వని తిరిగొస్తుంది.

గిటారు వైపు ప్రయోగం అంతా ప్లగ్ఇన్లలో (సాఫ్ట్‌వేర్ ఎఫెక్టుల్లో) చేద్దామన్న మోజు సహజం. నా అభిప్రాయంలో అది చివరికి మిగలాల్సిన పని. తీగ మీదే వింత జరిగితే అది రికార్డింగులో ఎప్పటికీ వింతగానే ఉంటుంది. జాన్ కేజ్ 1940లలో పియానో తీగల మధ్య మరలూ రబ్బరు ముక్కలూ దూర్చి చేసిన పని గిటారు మీద ఇంకా సులువు. ఏడో ఫ్రెట్ మీద, తీగల కింద ఒక పెన్సిల్ దూర్చితే తీగ మూడో వంతు ఒకవైపు, రెండు వంతులు ఇంకోవైపు అవుతుంది. రెండు వైపులా మీటొచ్చు, రెంటికీ మధ్య సరిగ్గా ఒక స్థాయి తేడా. పన్నెండో ఫ్రెట్ మీద పెడితే రెండువైపులా ఒకే స్వరం వస్తుంది. ఈ రెండూ కాక మిగతా చాలా చోట్ల పెడితే గంటల్లాంటి కలగాపులగపు ధ్వని. కాగితాలకి పెట్టే ఇత్తడి క్లిప్పుని బ్రిడ్జి దగ్గర తీగకి తగిలిస్తే జీరగా జుయ్యిమంటుంది, తంబురా తీగ కింద పెట్టే దారం, జీవాళీకి దూరపు చుట్టం. క్లిప్పు ఒక మిల్లీమీటరు జరిగినా ధ్వని మారుతుంది కాబట్టి ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోవాలి, లేకపోతే రెండోసారి అదే ధ్వని దొరకదు.

నాలుగు పాటల్లో శ్రుతి సి-జి-డి-జి-సి-డి, లావు తీగనుంచి సన్నదానివైపు. లావు తీగ నాలుగు అర స్వరాలు దిగుతుంది కాబట్టి మామూలు 9 లేదా 10 గేజ్ (తీగ మందం) సెట్ వేస్తే అది వేలాడి ఫ్రెట్లకి తగులుతుంది. 11–52 సెట్ వేసి, ట్రస్ రాడ్ (మెడ వంపుని సర్దే లోపలి కడ్డీ) చూసుకుని, బ్రిడ్జి దగ్గర ఇంటొనేషన్ (పై ఫ్రెట్లలో శ్రుతి) సరిచెయ్యాలి. శ్రుతి మార్చిన రోజే రికార్డింగ్ పెట్టుకోకూడదు. మెడ కొత్త బిగువుకి అలవాటు పడటానికి ఒక రాత్రి పడుతుంది.

పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. దువ్వెనలూ కొంగలూ చేసే చేతులే అడిగితే గిటారు ప్లెక్ట్రమ్ కూడా కోసి ఇస్తాయి. రెండు మిల్లీమీటర్ల మందం, అంచు బాగా నునుపు చేయించాలి. నైలాన్ దానితో పోలిస్తే తీగకి తగిలే టిక్కు తక్కువ, స్వరం ముందుకొస్తుంది. ఫజ్ ముందు ఈ తేడా చాలా పెద్దది, ఎందుకంటే పెడల్ ఆ టిక్కుని కూడా పెంచుతుంది. చెమ్మకి కొమ్ము పొరలుగా విడిపోతుంది. అప్పుడప్పుడు కొబ్బరినూనె చుక్క రాసి ఆరబెట్టాలి.

పిలిచిన రొదల్లో నాకు ఎక్కువ ఇష్టమైంది పీజో బిళ్ళ. 27 మిల్లీమీటర్ల ఇత్తడి బిళ్ళ, ఎలక్ట్రానిక్స్ సామాన్ల దుకాణంలో పది ఇరవై రూపాయలు. గాలిలో శబ్దాన్ని కాదు, వస్తువు వణుకుని నేరుగా పట్టుకుంటుంది. స్టీలు బిందెకి, ఇనప గేటుకి, నూతి గిలక చట్రానికి అంటిస్తే చెవికి ఎప్పుడూ వినపడని ధ్వనులు వస్తాయి. సోల్డరింగులో జాగ్రత్త: నడుమ ఉన్న తెల్లటి పూత మీద ఇనుముని ఒకటి రెండు సెకన్లు మించి ఉంచితే పూత లేచిపోతుంది. షీల్డు ఉన్న తీగే వాడాలి. షీల్డుని ఇత్తడికి, లోపలి తీగని తెల్ల పూతకి కలపాలి. పైన ఎపాక్సీ పూస్తే నీళ్ళలో కూడా ముంచొచ్చు.

దీన్ని మైకు ఇన్‌పుట్‌లో పెడితే రేకు డబ్బాలా సన్నగా వస్తుంది. చాలామంది బిళ్ళే చెడ్డదని పారేస్తారు. బిళ్ళ విద్యుత్తు పరంగా సుమారు 20 నానోఫారడ్ల కెపాసిటర్. మైకు ఇన్‌పుట్ అవరోధం 3 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటే 2,600 హెర్ట్జ్ కింద అంతా నీరసపడిపోతుంది. అదే ఇంటర్‌ఫేస్‌లో గిటారుకి పెట్టిన ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఒక మెగా ఓమ్. అక్కడ పెడితే కోత 8 హెర్ట్జ్‌కి దిగుతుంది, అంటే మొత్తం ధ్వని చేతికొస్తుంది. బటన్ ఒక్కటే తేడా.

ఈ బిళ్ళతోనే స్టీలు బీరువాని ప్రతిధ్వని యంత్రంగా వాడొచ్చు. 1957లో వచ్చిన ఈఎమ్‌టీ 140 ప్లేట్ రివర్బ్ లోపల ఉన్నది కూడా అర మిల్లీమీటరు ఉక్కు రేకే. దాన్ని చట్రంలో మూలల దగ్గర బిగించి వేలాడదీస్తారు కాబట్టి అది స్వేచ్ఛగా వణికి సెకన్ల తరబడి మోగుతుంది. బీరువా రేకుని అన్నివైపులా మడిచి అతికిస్తారు కాబట్టి సెకను లోపే ఆరిపోతుంది. అయినా ఆ పొట్టి లోహపు తోక గొంతుకీ గిటారుకీ ఇచ్చే రంగు ఏ ప్లగ్ఇన్‌లోనూ నాకు దొరకలేదు. బట్టలన్నీ తీసేయాలి. చిన్న యాంప్‌ని కింది అరలో పెట్టి, తలుపు నాలుగంగుళాలు తెరిచి, పీజోని పక్క రేకు నడిమికి కాస్త ఎడంగా అంటించాలి. రికార్డయిన ట్రాకుని ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్‌నుంచి యాంప్‌కి పంపేటప్పుడు స్థాయిని 20 డీబీ తగ్గించి పంపాలి, లైన్ స్థాయి గిటారు స్థాయికంటే చాలా ఎక్కువ. 150 హెర్ట్జ్ కింద ముందే కోసేయాలి, లేకపోతే రేకు మొత్తం బొయ్యిమంటుంది. తాళాలు, హ్యాంగర్లు గలగలలాడతాయి. ఆ గలగల కావాలనుకుంటే ఉంచొచ్చు, వద్దనుకుంటే తీసేయాలి. తోక పొడవు ఎక్కువైతే బీరువా మీద మడిచిన దుప్పటి వేస్తే సరి.

పొడవాటి ప్రతిధ్వనికి కల్యాణ మండపం. ఆషాఢంలో, మూఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, ఖాళీ హాలు ఒక పూటకి ఇవ్వడానికి యజమానులు పెద్దగా బెట్టు చెయ్యరు. ఆ హాలు ప్రతిధ్వనిని ఫైలుగా పట్టుకోవడానికి పన్నెండంగుళాల బెలూన్ ఊది, అయిదారు మీటర్ల దూరంలో కండెన్సర్ మైకు పెట్టి, సూదితో పేల్చాలి. ఫ్యాన్లు ఆపి, తోక పూర్తిగా ఆరేవరకు అడుగు కదపకూడదు. బెలూన్లు ఒక్కోటి ఒక్కోలా పేలతాయి, దిగువ ధ్వని అన్నిటిలోనూ బలహీనమే. కాబట్టి అయిదారు పేల్చి మంచిది ఎంచుకోవాలి. ఆ ఫైలు మొదట ఉన్న నిశ్శబ్దాన్ని కోసి, చివరని ఫేడ్ చేసి, రీపర్‌లోని రియావెర్బ్ అనే ప్రతిధ్వని ప్లగ్ఇన్‌లో వేస్తే ఇంట్లో పాడిన గొంతు ఆ హాల్లో మోగుతుంది. ఎలాగూ అక్కడిదాకా వెళ్ళాం కదా, డప్పు కూడా అక్కడే ఒకటి రెండు వరసలు నేరుగా రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది.

గొంతు సంగతి క్లుప్తంగా: మైకుకి జానెడు దూరం, మధ్యలో ఎంబ్రాయిడరీ చట్రానికి బిగించిన పల్చటి గుడ్డ. ప, బ, భ ల గాలి దెబ్బ మైకుకి సూటిగా తగలకుండా నోటిని కాస్త పక్కకి తిప్పి పాడాలి. శ, ష, స లు 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య గుచ్చుకుంటాయి. మైకు ఎత్తుని ముక్కు దగ్గరికి పెంచితే ఎడిటింగులో సగం పని తగ్గుతుంది.

రెండు పాటల్లో గొంతుని జాతరల్లో కట్టే గొట్టం మైకులోంచి పోనిచ్చాం. మైక్ సెట్ దుకాణంలో గొట్టం, యూనిట్, దానికి సరిపోయే యాంప్లిఫయర్ కలిపి అద్దెకి తేవాలి, విడివిడిగా తెస్తే ఓమ్‌ల లెక్క కుదరదు. గొట్టంలో 300–400 హెర్ట్జ్ కింద ఏమీ పలకదు. పలకదు కదా అని పంపితే యూనిట్ డయాఫ్రమ్ చిరుగుతుంది, అద్దెవాడికి డబ్బు కట్టాలి. 300 కింద ముందే కోసి పంపాలి. డాబా మీద గొట్టం, పదిహేను అడుగుల దూరంలో మైకు. వీధి చప్పుడు కూడా పడుతుంది, ఈసారి అది పిలిచిందే. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి పదినుంచి ఉదయం ఆరువరకు లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. మధ్యాహ్నం, తక్కువ స్థాయిలో, ఇరుగుపొరుగుకి ముందే చెప్పి చేసుకోవాలి.

పాత క్యాసెట్ రికార్డర్ ఉంటే పారేయొద్దు. ట్రాకుని దాంట్లోకి ఎక్కించి మళ్ళీ దింపితే పై అంచు మెత్తబడి, స్వరం కాస్త వణుకుతుంది. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. టేపు వేగం కచ్చితంగా ఉండదు కాబట్టి డప్పు, బేస్ మాత్రం పంపకూడదు. నాలుగో నిమిషానికి లయ విడిపోతుంది.

కండెన్సర్ మైకుకి చెమ్మ శత్రువు. చెమ్మ పట్టిన క్యాప్సూల్ చిటపటలాడుతుంది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాలి, రంగు మారిన జెల్‌ని సన్నసెగ మీద వేయించి మళ్ళీ వాడొచ్చు.

మిక్సింగులో అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది ఫజ్ గిటారుకీ తెలుగు మాటకీ మధ్య తగువు. ఫజ్ అన్ని చోట్లా పరుచుకుంటుంది. మన హల్లుల స్పష్టత 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. గొంతు పెంచితే గిటారు చిన్నబోతుంది, గిటారు పెంచితే సాహిత్యం వినపడదు. గిటారులో ఆ జాగాని శాశ్వతంగా కోసేస్తే పాట చప్పబడుతుంది. గొంతు వచ్చినప్పుడు మాత్రమే గిటారులో 2–4 కిలోహెర్ట్జ్ 3 డీబీ దిగేలా సైడ్‌చైన్ కట్టడం మంచిది. 250 హెర్ట్జ్ చుట్టూ బురద పేరుకుంటుంది. అక్కడ గిటారులన్నిటికీ కొంచెం కొంచెం తగ్గించాలి. డప్పు, బేస్ తప్ప మిగతా ట్రాకులన్నీ 80–100 హెర్ట్జ్ కింద కోసేయొచ్చు. ఒకే గిటారు టేకుని కాపీ చేసి ఎడమా కుడీ పెడితే వెడల్పు రాదు, రెండుసార్లు విడిగా వాయించాలి. చివర్లో మోనోలో ఒకసారి, ఫోన్ స్పీకర్లో ఒకసారి వినాలి. ఫోన్లో బేస్ అసలు పలకదు, అక్కడ కూడా బేస్ వరస అర్థం కావాలంటే దాని కాపీ ట్రాకు ఒకదానికి కాస్త ఫజ్ కలిపి పై స్వరాలు పుట్టించాలి.

మాస్టరింగు: స్పాటిఫై మైనస్ 14 లఫ్స్ (చెవికి వినపడే గట్టిదనానికి కొలమానం) దగ్గరికి, యాపిల్ మ్యూజిక్ మైనస్ 16 దగ్గరికి స్థాయిని సర్దుతాయి. పిండి పిండి మైనస్ 7 చేసి పంపినా అవి తగ్గిస్తాయి, మనకి మిగిలేది నలిగిన డప్పు మాత్రమే. ట్రూ పీక్, అంటే ధ్వని అల అసలు శిఖరం, మైనస్ 1 డీబీ దాటకూడదు. అన్ని పాటల్నీ ఒకే లఫ్స్‌కి తెచ్చే పిచ్చి వద్దు. పీజో బిందె ఒక్కటే మోగే ముక్క, గొట్టం మైకు పాట పక్కన సన్నగానే ఉండాలి.

విడుదలకి 3000 బై 3000 పిక్సెళ్ళ చదరపు ముఖచిత్రం, 24 బిట్ వేవ్ ఫైళ్ళు, పాటకొకటి చొప్పున, రికార్డింగుని గుర్తించే పన్నెండు అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ కావాలి. కోడ్‌ని చాలా డిస్ట్రిబ్యూటర్లు (పాటల్ని స్పాటిఫై లాంటి చోట్లకి చేర్చేవాళ్ళు) వాళ్ళే ఇస్తారు. అదే పాటని ఇంకో డిస్ట్రిబ్యూటర్‌కి మార్చినప్పుడు పాత కోడే ఇవ్వాలి, కొత్తది తీసుకుంటే వినికిడి లెక్క మళ్ళీ సున్నా. స్పాటిఫై ఎడిటర్లకి పాట చూపించాలంటే విడుదలకి కనీసం ఏడు రోజుల ముందు వేయాలి, నేనైతే నెల ముందే ఫైళ్ళు ఎక్కిస్తాను. భాష తెలుగు అని గుర్తుపెట్టడం మరవకూడదు. చిరునామా ఒడిశాది కదా అని ఒడియా ఎంచితే మన వినేవాళ్ళకి చేరదు. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల మీద 15 శాతం తీసుకుంటుంది, డబ్బు పేపాల్ ద్వారా వస్తుంది. పేపాల్ 2021 ఏప్రిల్ 1నుంచి దేశం లోపలి చెల్లింపులు ఆపేసింది కాబట్టి మన ఊరి శ్రోతలకి యూపీఐ దారి వేరే చూపించాలి.

డప్పు కళాకారులతో లెక్క రికార్డింగుకి ముందే తేల్చుకోవాలి. మన చట్టంలో వాయించినవాళ్ళకి ప్రదర్శకుల హక్కు 50 ఏళ్ళు, సౌండ్ రికార్డింగ్ హక్కు 60 ఏళ్ళు. ఆ పూట కూలి ఇచ్చి సరిపెట్టడం రివాజు గానీ, ఒక కాగితం మీద తెలుగులో కూలి ఎంత, తర్వాత వచ్చేదాంట్లో వాటా ఎంత, పేరు ఎలా వేస్తామో రాసి, చదివి వినిపించి, ఇద్దరూ ఒక్కో ప్రతి ఉంచుకోవాలి. క్రెడిట్లలో పర్కషన్ అని కాకుండా డప్పు అనే వేయాలి, పేరు స్పెల్లింగు వాళ్ళనే అడగాలి.

చివరగా ఫైళ్ళు. ప్రతి ట్రాకుని ఎఫెక్టులు లేకుండా ఒకసారి, ఎఫెక్టులతో ఒకసారి, పాట మొదటి క్షణంనుంచి చివరివరకు వేవ్‌గా తీసి పెట్టాలి. ప్లగ్ఇన్లు రెండేళ్ళలో తెరుచుకోకపోవచ్చు, వేవ్ తెరుచుకుంటుంది. పక్కనే ఒక టెక్స్ట్ ఫైలులో శ్రుతి, గిటారు తీగల గేజ్, పెన్సిల్ ఏ ఫ్రెట్ మీద, బీరువా తలుపు ఎంత తెరిచి, మైకు ఎంత దూరం రాసుకోవాలి. రెండు డిస్కుల్లో రెండు ప్రతులు, వాటిలో ఒకటి వేరే ఇంట్లో.